గ్రేట్ ఓషన్ రోడ్డు: ఇద్దరిలో ఒక్కరికే లైసెన్సు ఉన్నప్పుడు ఒక్కరోజులో వెళ్ళిరావచ్చా?

తీరరేఖ:

సభ్యులందరికీ నమస్కారం. నేను మెల్‌బోర్న్‌లో ఉద్యోగం చేస్తున్నాను. నాతోపాటు ఇంజనీరింగ్ చదివిన స్నేహితురాలు ఇప్పుడు ఇక్కడే మాస్టర్స్ చేస్తోంది. ఇద్దరం ఒకే ఊళ్ళో ఉన్నామన్న మాటే గానీ, నా ఆఫీసు వేళలకూ ఆమె తరగతులకూ పార్ట్‌టైమ్ షిఫ్టులకూ పొత్తు కుదరక, తీరిగ్గా కూర్చుని మాట్లాడుకోవడం అరుదైపోయింది. డిసెంబరులో ఆమెకు సెలవులు వస్తాయి కనుక, కారు అద్దెకు తీసుకుని, సముద్ర తీరం వెంట సాగే గ్రేట్ ఓషన్ రోడ్డు మీదుగా, నీళ్ళలో నిలిచిన ట్వెల్వ్ అపోస్టల్స్ అనే రాతి స్తంభాల దాకా వెళ్ళాలని అనుకున్నాం.

ఇద్దరిలో విక్టోరియా రాష్ట్రపు డ్రైవింగ్ లైసెన్సు ఉన్నది నాకు మాత్రమే. తెల్లవారుజామున బయలుదేరి రాత్రికి ఇంటికి చేరుకుంటే బస ఖర్చు మిగులుతుందని ఆమె అంటోంది. మధ్యలో ఒక రాత్రి ఆగితే బాగుంటుందని నాకు ఉంది, కానీ చదువుకుంటున్న మనిషి మీద ఖర్చు మోపడం ఇష్టం లేక గట్టిగా చెప్పలేకపోతున్నాను. ఈ దారిలో వెళ్ళివచ్చిన వారు నిజంగా ఒక్కరోజు సరిపోతుందో లేదో చెబితే ఆమెకు చూపించి నిర్ణయం తీసుకుంటాం.

పాతబాటసారి:

తీరరేఖ గారూ, సరిపోతుంది అంటే సరిపోతుంది. అయితే ఎవరికి సరిపోతుంది అన్నది చూసుకోవాలి.

మెల్‌బోర్న్ నుంచి జీలాంగ్ మీదుగా టార్కీ సుమారు 100 కిలోమీటర్లు. అసలైన గ్రేట్ ఓషన్ రోడ్డు అక్కడ మొదలై వార్నంబూల్ సమీపంలోని ఆలన్స్‌ఫర్డ్ దాకా 243 కిలోమీటర్లు సాగుతుంది. టార్కీ నుంచి అపోలో బే వరకు ఉన్న తొంభై చిల్లర కిలోమీటర్లే, ముఖ్యంగా లోర్న్ దాటిన తర్వాతి భాగమే, మనం ఫోటోల్లో చూసి ముచ్చటపడే దారి: ఒక పక్క కొండ, మరో పక్క నేరుగా సముద్రం, మధ్యలో ఎదురెదురుగా ఒక్కో వరుస. అక్కడ కారు నడిపేవారికి కనిపించేది మలుపు, ఆ వెనక ఇంకో మలుపు, ఎదురుగా వచ్చే క్యాంపర్ వ్యాన్. సముద్రాన్ని చూసేది పక్క సీటులోని మనిషి మాత్రమే. పడమటికి వెళ్ళేటప్పుడు మన వరుస సముద్రం వైపే ఉంటుంది, పక్క సీటు కూడా ఎడమ వైపే ఉంటుంది కనుక మీ స్నేహితురాలు దారి పొడుగునా నీళ్ళను చూస్తూ కూర్చుంటారు. మీరు చూడాలంటే ఆగాలి. ఒక్కరోజు ప్రయాణంలో మొదట కోత పడేది ఆ ఆగడాలకే.

అపోలో బే దాటాక దారి తీరాన్ని వదిలి ఆట్వే అడవిలోకి ఎక్కుతుంది. లావర్స్ హిల్ మీదుగా ట్వెల్వ్ అపోస్టల్స్ చేరడానికి మరో గంటా ఇరవై నిమిషాలు పడుతుంది. తిరుగు ప్రయాణానికి కోలాక్ మీదుగా లోపలి రహదారి పట్టినా మెల్‌బోర్న్‌కు దాదాపు మూడు గంటలు. ఆగే సమయం కలపకుండానే ఎనిమిది గంటల డ్రైవింగ్ అవుతుంది. అదంతా ఒక్క మనిషి ఒంటిచేత్తో చేయాలి. ఇంటికి వచ్చాక మీ స్నేహితురాలికి సముద్రం గుర్తుంటుంది, మీకు మాత్రం తెల్లగీత గుర్తుంటుంది. తీరిగ్గా మాట్లాడుకోవడానికని పెట్టుకున్న ప్రయాణంలో ఒకరు చూపును దారి మీద నుంచి తిప్పలేని స్థితిలో ఉండడం నాకు న్యాయంగా తోచదు. అపోలో బేలో ఒక రాత్రి ఆగండి.

కొండమలుపు:

పాతబాటసారి గారి మాటలోని సారం నాకు నచ్చింది కానీ, డిసెంబరు విషయంలో నేను విభేదిస్తాను. ఇక్కడ అది వేసవి, సూర్యాస్తమయం రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో. పొద్దున్నే ఆరింటికి బయలుదేరితే పద్నాలుగు గంటలకు పైగా వెలుతురు చేతిలో ఉంటుంది. చేయవలసిందల్లా దిశ మార్చడమే.

ముందు కోలాక్ మీదుగా లోపలి రహదారిలో నేరుగా ట్వెల్వ్ అపోస్టల్స్‌కు వెళ్ళండి. టూరిస్టు బస్సులన్నీ తీరం వెంట నిదానంగా వచ్చి మధ్యాహ్నానికి అక్కడికి చేరతాయి. మీరు తొమ్మిది, తొమ్మిదిన్నరకే అక్కడ ఉంటే పార్కింగ్‌కు ఇబ్బంది ఉండదు, ఉదయపు ఎండ రాతి స్తంభాల ముఖం మీద పడి వాటి పసుపు రంగు స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడి నుంచి తీరం వెంట తూర్పుకు తిరిగి రండి. మధ్యాహ్నం తర్వాత పడమటికి నడిపేవారికి ఎండ కళ్ళలో కొడుతుంది. తూర్పుకు వచ్చేవారికి అది వీపు వెనక ఉంటుంది. సెలవుల కాలంలో తీర పట్టణాల్లో గది అద్దెలు తడిసి మోపెడవుతాయి, చాలాచోట్ల రెండు మూడు రాత్రులకు తక్కువైతే ఇవ్వరు కూడా. ఆ సొమ్ముతో విద్యార్థికి నెల సరుకులు వస్తాయి. ఆ అమ్మాయి ఆలోచన తీసివేయదగినది కాదు.

పాతబాటసారి:

కొండమలుపు గారూ, ఎండ గురించి మీరు చెప్పినది నిజం, ట్వెల్వ్ అపోస్టల్స్ దగ్గర రద్దీ గురించి చెప్పినదీ నిజం. అయితే తూర్పుకు వచ్చేటప్పుడు సముద్రం కుడి వైపు ఉంటుంది. సముద్రం పక్కనున్న లుకౌట్‌లోకి, అంటే ఆగి చూసే చోటులోకి, తిరగాలన్న ప్రతిసారీ ఎదురు వరుసను దాటాలి, మళ్ళీ రోడ్డెక్కేటప్పుడు ఇంకోసారి దాటాలి. మలుపు పక్కనే ఉన్న లుకౌట్లలో ఎదురుగా వచ్చే బండి చివరి క్షణం దాకా కనబడదు. పడమటికి వెళ్ళేవారు ఎడమకు సిగ్నల్ ఇచ్చి ఆగి, తిరిగి ఎడమకే కలిసిపోతారు. దారిలో పలుచోట్ల ‘ఆస్ట్రేలియాలో ఎడమ వైపునే నడపండి’ అన్న బోర్డులు, రోడ్డు మీద బాణాలు కనిపిస్తాయి. కుడి వైపు నడిపే దేశాల నుంచి వచ్చినవారు లుకౌట్ నుంచి బయటికి వచ్చేటప్పుడు తప్పు వరుసలోకి వెళ్ళడం వల్లనే అవి పెట్టవలసి వచ్చింది.

ఇంకో మాట. మీ పద్ధతిలో అన్నిటికన్నా మెలికలున్న భాగం రోజు చివర వస్తుంది, అప్పటికి డ్రైవరు ఏడెనిమిది గంటలుగా అలసి ఉంటారు. ఇద్దరు డ్రైవర్లు ఉంటే మీ పద్ధతినే నేనూ మెచ్చుకుంటాను.

నీలిఅల:

దిశ సంగతి మీరు తేల్చుకోండి. నాకు నీళ్ళ గురించి చెప్పాలని ఉంది, ఎందుకంటే విదేశాల నుంచి కొత్తగా వచ్చిన మనవాళ్ళలో చాలామందికి ఈత రాదు, వచ్చినా చెరువులోనో స్విమ్మింగ్ పూల్‌లోనో నేర్చుకున్న ఈత అది. ఈ తీరం దక్షిణ మహాసముద్రానికి ఎదురుగా ఉంది. టార్కీ దగ్గరి బెల్స్ బీచ్‌లో 1960ల నుంచి సర్ఫింగ్ పోటీలు జరుగుతున్నాయంటే కారణం అక్కడి అలల బలమే.

బీచ్‌లో ఎరుపు, పసుపు రంగుల జెండాలు రెండు పాతి ఉంటాయి. వాటి మధ్య మాత్రమే నీళ్ళలోకి దిగాలి. వేసవిలో టార్కీ, లోర్న్, అపోలో బే, పోర్ట్ క్యాంప్‌బెల్ వంటి చోట్ల రక్షకులు కాపలా ఉంటారు. జెండాలు లేని చోట మోకాళ్ళ లోతు కూడా వద్దని నా అభిప్రాయం. రిప్ కరెంట్ అనేది పైకి భయంకరంగా కనబడదు. రెండు పక్కలా అలలు తెల్లగా విరుగుతుంటే మధ్యలో ఒక పాయ నల్లగా, నిశ్చలంగా ఉంటుంది. ఈత రానివారు ఇక్కడ అలలు లేవు కదా అనుకుని సరిగ్గా అక్కడే దిగుతారు. ఒడ్డుకు వచ్చిన నీరంతా తిరిగి సముద్రంలోకి పోయే దారి అదే. అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకూడదు. బలం కాపాడుకుంటూ వెల్లకిలా తేలి, చేయి పైకెత్తి సహాయం కోరాలి.

2019 ఈస్టర్ ఆదివారం నాడు, ట్వెల్వ్ అపోస్టల్స్‌కు దగ్గరలోని షెర్‌బ్రూక్ నది ముఖద్వారం వద్ద ఒక పర్యాటకుడు నీటిలో చిక్కుకున్నాడు. అతన్ని కాపాడడానికి పడవలో వెళ్ళిన పోర్ట్ క్యాంప్‌బెల్ స్వచ్ఛంద రక్షకులు ఇద్దరు, తండ్రీ కొడుకులు, పడవ తిరగబడి ప్రాణాలు కోల్పోయారు. పర్యాటకుడు బతికాడు. కాపలా లేని చోట నీళ్ళలోకి దిగాలనిపించినప్పుడల్లా ఆ ఇద్దరినీ తలచుకోమని మీ ఇద్దరినీ వేడుకుంటున్నాను. అత్యవసరమైతే మూడు సున్నాలు డయల్ చేయాలి. ఆట్వే అడవి భాగంలో ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల అందదు, కాబట్టి మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

తీరరేఖ:

అందరికీ కృతజ్ఞతలు. నీలిఅల గారు రాసినది ఆమెకు చదివి వినిపించాను. ఇద్దరిలో ఎవరికీ ఈత రాదు కాబట్టి ఒడ్డునే ఉంటామని మాట ఇస్తున్నాను.

ఒక సందేహం. ఆమెకు భారతదేశపు లైసెన్సు ఉంది, అక్కడ కారు బాగానే నడిపేది. ఇక్కడికి వచ్చి ఏడాది దాటింది. లోపలి రహదారి తిన్నగా ఉంటుంది కదా, కోలాక్ నుంచి వచ్చేటప్పుడు ఆమె కాసేపు నడిపితే నాకు ఊపిరి పీల్చుకునే వీలుంటుందా?

దారిదీపం:

దయచేసి ఆ పని చేయకండి. విక్టోరియాలో 2023 అక్టోబరు 29 నుంచి నిబంధన మారింది. అంతకుముందు తాత్కాలిక వీసా మీద ఉన్నవారు విదేశీ లైసెన్సుతో ఎంతకాలమైనా నడపగలిగేవారు. ఇప్పుడు ఆరు నెలలు నివసించిన తర్వాత ఇక్కడి లైసెన్సుకు మారాలి. భారత లైసెన్సు ఉన్నవారు అందుకోసం రాత పరీక్ష, ప్రమాద గుర్తింపు పరీక్ష, రోడ్డు పరీక్ష ఉత్తీర్ణులు కావాలి. ఏడాది దాటిందంటే ఆమె నడపడం చట్టరీత్యా లైసెన్సు లేకుండా నడపడమే అవుతుంది. దానికి తోడు, అద్దె ఒప్పందంలో పేరు నమోదు కాని మనిషి స్టీరింగు పట్టుకుంటే కారు బీమా వర్తించదు. చిన్న గీత పడినా మొత్తం మీ నెత్తిన పడుతుంది. తిన్నని రోడ్డు అన్నది ఇందులో లెక్కలోకి రాదు.

అలాగని ఆమెకు పని లేదని కాదు. పక్క సీటులో కూర్చున్న మనిషి ఎంత శ్రద్ధగా ఉంటే డ్రైవరుకు అంత సుఖం. ఫోన్ పూర్తిగా ఆమె చేతిలో ఉండాలి. వచ్చే లుకౌట్ ఎంత దూరంలో ఉందో ఒక కిలోమీటరు ముందే చెప్పాలి, లేకపోతే మలుపు తిరిగాక బోర్డు కనబడి మీరు హఠాత్తుగా బ్రేకు వేస్తారు. వెనక బండ్లు పోగైతే నెమ్మది బండ్ల కోసం పెట్టిన పక్క జాగా ఎక్కడుందో చూసి చెప్పాలి. మీరు అక్కడ పక్కకు తప్పుకుని వాళ్ళను పోనివ్వండి, వెనకవాళ్ళ తొందర మీ మీదికి తెచ్చుకోకండి. రెండు గంటలకోసారి దిగి నడవండి. చీకటి పడే వేళ వాలబీలు (చిన్న కంగారూల్లాంటివి), కంగారూలు రోడ్డు మీదికి వస్తాయి కనుక అడవి భాగాన్ని వెలుతురులోనే దాటండి. అపోలో బేలో పెట్రోలు నింపుకోండి.

డిసెంబరు కార్చిచ్చుల కాలం కూడా. 2015 క్రిస్మస్ రోజున ఈ దారిలోని వై రివర్, సెపరేషన్ క్రీక్ ఊళ్ళలో నూట పదహారు ఇళ్ళు కాలిపోయాయి. బయలుదేరే ముందు రాష్ట్రపు అత్యవసర సమాచార యాప్ విక్ ఎమర్జెన్సీ తెరిచి చూడండి. అగ్ని ప్రమాద స్థాయి అన్నిటికన్నా పైదైన ‘క్యాటస్ట్రాఫిక్’ అని ఉంటే ప్రయాణం మానుకోండి, దాని కిందిదైన ‘ఎక్స్‌ట్రీమ్’ అన్నా నేనైతే మానుకుంటాను.

ఆట్వేవాన:

ఇంతసేపూ రోడ్డును దాటవలసిన కష్టంగానే మాట్లాడుకున్నాం. అది ఎలా పుట్టిందో తెలిస్తే ఎక్కడ ఆగాలో కూడా తెలుస్తుంది.

మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగి వచ్చిన సుమారు మూడు వేల మంది సైనికులు 1919లో మొదలుపెట్టి 1932 దాకా ఈ రోడ్డు వేశారు. చనిపోయిన తోటివారికి స్మారకంగా వేసిన రోడ్డు ఇది. పలుగు, పార, మందుగుండు, గుర్రపు బండ్లతో ఆ కొండ అంచులను తొలిచారు. ఎనిమిది గంటల పనికి పది షిల్లింగుల ఆరు పెన్నీల కూలి. ఈస్టర్న్ వ్యూ దగ్గర రోడ్డుకు అడ్డంగా కనిపించే స్మారక తోరణం కింద చాలామంది ఒక ఫోటో తీసుకుని వెళ్ళిపోతారు. పక్కనే ఉన్న పనివారి కంచు విగ్రహాల దగ్గర ఒక పది నిమిషాలు నిలబడండి. చేతిలో పార పట్టుకున్న ఆ మనుషులను చూశాక తర్వాతి మలుపులను చూసే చూపు మారుతుంది.

ఈ రోడ్డు కోసం నిధులు కూడగట్టి, ట్రస్టును నడిపించినది జీలాంగ్ మేయరుగా పనిచేసిన హోవర్డ్ హిచ్‌కాక్. 1932 ఆగస్టులో ఆయన చనిపోయారు, నవంబరులో రోడ్డు ప్రారంభమైంది. ఆ రోజు ఊరేగింపులో గవర్నరు కారు వెనక హిచ్‌కాక్ కారును నడిపించారు. లోర్న్ దాటాక మౌంట్ డిఫయన్స్ దగ్గర ఆయన స్మారకం ఉంది. అది మంచి లుకౌట్ కూడా.

రాతి గోడల మధ్యకు సముద్రం చొచ్చుకొచ్చిన లాక్ ఆర్డ్ గార్జ్‌ను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వదలకండి. ట్వెల్వ్ అపోస్టల్స్‌కు వెళ్ళినవారిలో చాలామంది అలసిపోయి, మూడు కిలోమీటర్ల దూరంలోని దీన్ని చూడకుండానే వెనుదిరుగుతారు. 1878 జూన్ 1న ఇంగ్లండు నుంచి మెల్‌బోర్న్‌కు వస్తున్న లాక్ ఆర్డ్ ఓడ ఇక్కడి రాళ్ళకు కొట్టుకుని మునిగింది. 54 మందిలో ఇద్దరే మిగిలారు: నావిక శిక్షణలో ఉన్న టామ్ పియర్స్, కుటుంబంతో వలస వస్తున్న ఈవా కార్మైకేల్. ఒడ్డుకు చేరిన టామ్ ఆమె కేక విని మళ్ళీ నీళ్ళలోకి దిగి ఆమెను తీసుకొచ్చాడు. ఆ పక్కనున్న రాతి తోరణం 2009లో కూలి రెండు స్తంభాలుగా మిగిలితే వాటికి టామ్, ఈవా అని పేర్లు పెట్టారు. కొత్త జీవితం కోసం దూరదేశానికి వచ్చేవారి కథ కావడం వల్లనేమో, నేను అక్కడ ఎక్కువసేపు ఉండిపోతాను.

ఈ తీరం ఇంకా తరుగుతూనే ఉంది. లండన్ బ్రిడ్జ్ అనే రాతి వంతెన 1990 జనవరి 15న నేలకు ఆనుకున్న వైపు కూలిపోయి, చివరన ఉన్న ఇద్దరు పర్యాటకులు చిక్కుకుపోతే హెలికాప్టరులో దించవలసి వచ్చింది. ట్వెల్వ్ అపోస్టల్స్‌లోని ఒక స్తంభం 2005 జూలైలో కూలింది. మెత్తని సున్నపురాయి అది, అడుగును అలలు కోస్తూ ఉంటాయి. అందుకే కంచె దాటి అంచుకు వెళ్ళి ఫోటో దిగేవారిని చూస్తే నాకు గుండె ఝల్లుమంటుంది.

చిరుచినుకు:

కారు లేకుండా కూడా వెళ్ళవచ్చునని ఒక మాట. మెల్‌బోర్న్‌లోని సదరన్ క్రాస్ స్టేషను నుంచి జీలాంగ్‌కు వీ లైన్ అనే ప్రాంతీయ రవాణా సంస్థ రైలు, అక్కడి నుంచి లోర్న్ మీదుగా అపోలో బేకు అదే సంస్థ కోచ్ ఉన్నాయి. 2023 మార్చి 31 నుంచి ప్రాంతీయ ఛార్జీలకు కూడా మెట్రోతో సమానమైన రోజువారీ గరిష్ఠ పరిమితి పెట్టారు కనుక ఖర్చు చాలా తక్కువ. ట్వెల్వ్ అపోస్టల్స్ దాకా కోచ్ వారంలో కొన్ని రోజులే నడుస్తుంది. అంతదూరం వెళ్ళకపోయినా, లోర్న్‌లో ఒక పగలంతా గడిపి రావడానికి ఇది హాయి. ఇద్దరూ కిటికీ పక్కన కూర్చోవచ్చు.

తీరరేఖ:

వెళ్ళివచ్చాం. అడిగినవారందరికీ జవాబు ఇవ్వడం నా బాధ్యత కనుక రాస్తున్నాను.

క్రిస్మస్‌కు ముందు వారంలో, పనిదినాల్లో వెళ్ళాం. స్కూళ్ళ సెలవులు ఇంకా మొదలుకాలేదు కనుక అపోలో బేలో ఒక్క రాత్రికి గది దొరికింది. బస ఖర్చు నేను పెట్టుకుంటానని, పెట్రోలు, తిండి ఆమె చూసుకుంటుందని ముందే అనుకోవడంతో ఆ బెరుకు కూడా పోయింది. పాతబాటసారి గారు చెప్పినట్టు పడమటికే వెళ్ళాం, ప్రతి లుకౌట్‌కూ ఎడమకే తిరిగాం. ఆమె ఒక నియమం పెట్టింది: ఎక్కడ ఆగినా, ఇక చాలు అని నేను అనే దాకా కదలకూడదు. కేప్ ప్యాటన్ దగ్గర అలా ఆగి, బానెట్ పక్కన నిలబడి, అంతకుముందు ఆరు నెలల్లో చెప్పుకోని సంగతులన్నీ చెప్పుకున్నాం. తన థీసిస్ గైడు మారిన విషయం నాకు అక్కడే తెలిసింది.

రెండో రోజు లావర్స్ హిల్ మీద దట్టమైన పొగమంచు. హెడ్‌లైట్లు వేసుకుని నెమ్మదిగా వెళ్ళాం. వెనక మూడు బండ్లు చేరగానే పక్క జాగా వస్తోందని ఆమె చెప్పింది, తప్పుకున్నాం. ట్వెల్వ్ అపోస్టల్స్ దగ్గర బీచ్‌కు దిగే గిబ్సన్ స్టెప్స్ తెరిచే ఉన్నాయి. 86 మెట్లు దిగి ఇసుక మీద నిలబడ్డాక నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించినది సముద్రం కాదు, వెనకనున్న కొండగోడ. పైనుంచి చూసినప్పుడు ఒకే రాయిలా ఉంటుంది. దగ్గరికి వెళ్తే వేలి మందాన, బెత్తెడు మందాన పొరలు, ఒకటి గట్టిగా, దాని కిందిది తడిసి మెత్తగా, ఆ మెత్తని పొర నుంచి గింజంత ముక్కలు రాలి గోడ పాదం దగ్గర పసుపు పొడిగా పేరుకుని ఉన్నాయి. ఆట్వేవాన గారు చెప్పిన తరుగుదల అలా కంటి ఎదుట ఉంది. రాళ్ళు పడతాయన్న హెచ్చరిక బోర్డు ఉంది కనుక వెంటనే దూరంగా జరిగాం.

లాక్ ఆర్డ్ గార్జ్‌లో గంటన్నర ఉన్నాం. మధ్యాహ్నం రెండింటికి పోర్ట్ క్యాంప్‌బెల్‌లో భోజనం చేసి, కోలాక్ మీదుగా వెలుతురు ఉండగానే ఇల్లు చేరాం. కొండమలుపు గారూ, మీ పద్ధతిని వదిలేయలేదు. ఆమె జనవరిలో ఇక్కడి రోడ్డు పరీక్షకు సిద్ధమవుతోంది. లైసెన్సు వచ్చాక మీరు చెప్పిన దిశలో, ఇద్దరం వంతులవారీగా నడుపుతూ వెళ్తాం. అప్పుడు ఎడమ సీటు నాది.

కొండమలుపు:

చాలా సంతోషం. రోడ్డు పరీక్ష పాసయ్యాక అద్దె ఒప్పందంలో ఆమె పేరు రెండో డ్రైవరుగా రాయించడం మరువకండి. వయసు పాతికేళ్ళ లోపైతే చాలా సంస్థలు అదనపు రుసుము వేస్తాయి, బుక్ చేసే ముందే అడగండి.

గవ్వలసంచి:

ఈ చర్చ ఇప్పుడే చదివాను. మా స్నేహితులకు, నాకు జూన్‌లోనే సెలవు దొరుకుతుంది. చలికాలంలో ఈ ప్రయాణం పెట్టుకోవచ్చా? మాలో ఎవరికీ ఇంకా లైసెన్సు లేదు.

పాతబాటసారి:

జూన్‌లో సాయంత్రం ఐదు దాటగానే సూర్యుడు అస్తమిస్తాడు, అడవి భాగం తడిగా, మంచుగా ఉంటుంది. అప్పుడు లైసెన్సు ఉన్నవారికి కూడా ఒక్కరోజు ప్రయాణాన్ని నేను సిఫారసు చేయను. మీకైతే మెల్‌బోర్న్ నుంచి నేరుగా వార్నంబూల్‌కు రైలు ఉంది, మూడున్నర గంటలు పడుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా సదరన్ రైట్ తిమింగలాలు పిల్లలను కనడానికి అక్కడి లోగన్స్ బీచ్‌కు వస్తాయి, తీరానికి చాలా దగ్గరగా తిరుగుతాయి. చూడడానికి ఇసుక దిబ్బల మీద చెక్క వేదిక కట్టారు. జూన్ మొదట్లో అవి ఇంకా వచ్చి ఉండకపోవచ్చు కనుక నెలాఖరు తేదీలు ఎంచుకోండి, బైనాక్యులర్స్, గాలి చొరబడని కోటు తీసుకెళ్ళండి.